రెండోసారి అడిగేవాళ్లు

ఆ ఇంట్లో ఒక మర్యాద ఉండేది. తిన్నావా అని ఎవరైనా అడిగితే, ఆకలితో కళ్లు తిరుగుతున్నా తిన్నాననే అనాలి. అడిగినవాళ్లు ఆ మాట నమ్మకూడదు. రెండోసారి అడిగి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాలి. ఇది అందరికీ నేర్పింది పెద్దకోడలే. ఇంటిల్లిపాదికీ ఒక్క పొయ్యి మీద వండి, ఎవరి అబద్ధాన్నీ నమ్మకుండా వడ్డించేది కనుక వీధంతా ఆమెను పెద్దచెయ్యి అనేవారు.

ఇప్పుడు ఇల్లు మూడు ముక్కలైంది. మరుదులు ముగ్గురూ మధ్యలో గోడలు లేపి, ఎవరి వంటగది వాళ్లు పెట్టుకున్నారు. మొగుడు పోయిన, పిల్లల్లేని పెద్దచెయ్యికి మెట్ల కింద సామాన్ల గది దక్కింది. అందులో మంచం పట్టింది, పొయ్యి పట్టలేదు. మరి ఆవిడ ఎక్కడ తింటుందని, కొలతలు తీస్తూ తాపీమేస్త్రీ అడిగాడు.

"వదినకేం, మూడిళ్లూ ఆవిడవే" అన్నారు ముగ్గురూ.

పదిమందిలో పాము చావదంటారు. ముగ్గురిలోనూ చావదు.

గోడలు లేచిన మర్నాడు పొద్దున్నే పెద్ద మరిది పెళ్లాం గుమ్మంలోంచి తిన్నావా అక్కా అని అడిగింది. తిన్నానంటూ పెద్దచెయ్యి లేవబోయింది. ఆమె తలూపి వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండో ఆమె కూడా అంతే. వాళ్లది చెడ్డబుద్ధి కాదు, పక్కింట్లో తినే ఉంటుందనుకున్నారు. నోరు తెరిచి అడగొచ్చుగా అని మీరనొచ్చు. ఇన్నేళ్లు పెట్టిన చెయ్యి చాచడం అంత తేలికా? మంచినీళ్లతో కడుపు నింపుకుని, చిన్న మరిది కోసం ఎదురుచూసింది. ఆమె కాపురానికొచ్చేనాటికి వాడికింకా పాలపళ్లు ఊడలేదు. అలిగి పడుకుని తిన్నానని బొంకితే, లేపి ముద్దలు పెట్టి పెంచింది. వాడు నమ్మడు.

సాయంత్రం దర్జీ కొట్టు కట్టేసి, మెడలో టేపుతోనే వచ్చాడు వాడు.

"తిన్నావా వదినా?"

ఆ గొంతు వినగానే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"తిన్నాన్రా" అంది. అని, మంచం దిగి చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది.

"సరే అయితే, పడుకో" అన్నాడు. తన వాటాలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గోడ అవతల కంచాలు పెడుతున్న చప్పుడైంది. వాడిది, పెళ్లాందీ, కూతురిదీ. ఇంకొక్క కంచం కోసం పెద్దచెయ్యి నిలబడే చెవి ఒగ్గింది.

"తిన్లేదురా" అంది చివరికి, తనకు మాత్రమే వినపడేటట్టు.

అవతల భోజనాలు మొదలయ్యాయి.