రుఫీనో ఇంటి పలక

"నువ్వు కూర్చోవే, దుంపలు నేను ఒలుస్తాలే" అంది మా అత్త బసీలియా.

పదకొండేళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది. మధ్యాహ్నం సూప్‌లో ఉన్న ఒక్క మాంసం ముక్కా తెచ్చి నా గిన్నెలో వేసింది. అది ఎప్పుడూ తన పెద్దకొడుకు ఇలారియో కోసం దాచే ముక్క. ఇలారియో, అంటే నా మొగుడు, నేను బొమ్మలు వేసిన చెక్క పలకలు అమ్ముకొస్తానని పట్నం వెళ్ళి నెలన్నర అయింది. "తిను, చిక్కిపోయావు" అంది అత్త. తిన్నాను.

ఊట దగ్గర నేను కనబడగానే ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. వరస తప్పించి నా బిందె ముందు నింపి ఇచ్చారు. మా ఊళ్ళో వరస లేకుండా నీళ్ళు పట్టనిచ్చేది చావు జరిగిన ఇంటివాళ్ళకే. ఎవరు పోయారని అడగబోయి, అడిగితే చెప్తారేమోనని ఊరుకున్నాను. నాలుగు రోజులుగా లోయలోంచి మంచు లేవడం లేదు. పక్కింటి గొర్రెలు ఎక్కడున్నాయో గంటల చప్పుడు తప్ప కనబడటం లేదు.

మనసు ఇలా ఉన్నప్పుడు నేను చేసేది ఒకటే. ముఖం వేస్తాను. పెళ్ళికి ముందు మా నాన్న నేర్పిన పని ఇది. మూరెడు చెక్క ఒకటి, దాని మీద తెల్లమట్టి పూత, కోడి ఈక, మసి. రోజుకొక ముఖం. మర్నాడు దాని మీద మళ్ళీ తెల్లమట్టి పూసి ఇంకో ముఖం. నా కూతురికి తట్టు పోసిన నెలలో చెక్క పట్టుకునే తీరిక లేక పొయ్యి బూడిదలో వేలితో గీశాను. దుంపల కోతల్లో కుడి మణికట్టు విరిగితే ఎడమచేత్తో వేశాను. ఆ రెండు నెలల ముఖాలన్నీ పుల్లటి పండు కొరికినట్టే వచ్చాయి, అయినా వేశాను. అత్త మంచాన పడ్డప్పుడు ఆమె గుడ్డలు ఉతికి ఆరేసి, ఆ తడి చేతులతోనే ఈక పట్టుకున్నాను. "సూప్ మాడినా సరే, ఈవిడగారికి ముఖాలు కావాలి" అనేది అత్త మంచంలోంచే. "గీసి చెరిపేసే దానికి అంత తాపత్రయం దేనికే?" అనేవాడు ఇలారియో. ఆ కాసేపు నన్ను ఎవరూ ఏదీ అందించమని అడగరు, నాకు అదొక్కటే తెలుసు.

అసలు పలకలు వేరు. ఎవరైనా కొత్తిల్లు కడితే, వాళ్ళకి కావలసిన ఆప్తుడు ఒకడు ఆ ఇంటి మనుషులందరి బొమ్మలతో నిలువెత్తు పలక చేయించి, పైకప్పు వేసే రోజున తెచ్చి ఇస్తాడు. దాన్ని దూలానికి కడతారు. కిందనుంచి పైకి చదవాలి. అడుగున కన్యమరియమ్మ, తర్వాత ఇచ్చినవాడి పేరు, ఇంటి దంపతులు, అన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాలు, చిట్టచివర సూర్యుడు. ఎవరి పని తాలూకు వస్తువు వాళ్ళ చేతిలో ఉండాలి. పలక అబద్ధం చెబితే దూలం కూలుతుందని మావాళ్ళ గట్టి నమ్మకం. వేసినవాళ్ళ పేరు మాత్రం పలక మీద ఎక్కడా ఉండదు.

అందువల్లే ఇలారియోకి అంత సులువైంది. మొదటిసారి పలకలు పట్నం మోసుకెళ్ళినప్పుడు ఎవరో "మాస్టారు మీరేనా?" అని అడిగారట. "అవునన్నానే!" అని ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు ఇలారియో. నేనూ నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది. తర్వాత్తర్వాత అందరూ మాస్టారనే పిలిచారు, అతను నవ్వడం మానేశాడు. ఎవరైనా వస్తే "రంగు నూరి పెట్టావా?" అని నన్ను గదమాయించేవాడు. సరిగ్గా ఒక గీత గియ్యమంటే కంచె పుల్లలా వంకరగా వచ్చేది అతనికి.

మూడోరోజు తెయోఫిలో తాత వచ్చాడు. మా మరిది రుఫీనో కడుతున్న ఇంటికి పలక ఇచ్చేది ఆయనే. ఎప్పుడూ గడపలోంచే "కాఫీ పెట్టు తల్లీ" అని అరిచే మనిషి, గుమ్మం బయటే టోపీ తీసి నిలబడ్డాడు. ఒక కాగితం చేతికిచ్చాడు, పలకలో వెయ్యాల్సిన పేర్లు.

రుఫీనో, భార్య, నాగలి, మగ్గం. అత్త బసీలియా, కదురు. వాళ్ళ కుక్క కూడా ఉంది. నా కూతురు ఉంది. ఇలారియో, చేతిలో ఈక. పక్కన, నా పేరు ఉండాల్సిన చోట, నోయెమి.

"నోయెమి ఎవరు తాతా?"

ఆయన టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. "నీకు చెప్పారనుకున్నానమ్మా. పట్నంలో కొట్టు పెట్టుకున్న పిల్ల. నువ్వు మీ అమ్మగారి ఊరు వెళ్ళిపోతున్నావన్నారు. అబద్ధం పలక నేను ఇవ్వలేనమ్మా సాతూ. ఉన్నది ఉన్నట్టే వెయ్యాలి కదా."

"ముఖం ఎలా ఉంటుంది?"

"నాకేం తెలుసు? నీకు తోచింది వెయ్యి" అని గబగబా మంచులోకి వెళ్ళిపోయాడు.

ఊటగట్టున చచ్చిపోయింది నేనేనన్నమాట. కాగితం తీసుకుని లోపలికెళ్ళి అత్త ముందు పెట్టాను. ఆమె దుంపల మీదనుంచి తల ఎత్తలేదు.

"వాడికి అక్కడ మాట తెలిసిన మనిషి కావాలే. నువ్వు నలుగురిలో నోరు విప్పవు. నిన్నేం గెంటెయ్యట్లేదుగా, చెక్కలూ రంగులూ మీ అమ్మ ఊరికే పంపిస్తాం. అక్కడ కూచుని వేసుకో. ఎలాగూ పేరు వాడిదే."

"మరి పిల్ల?"

"పిల్ల ఇక్కడే ఉంటుంది. నీకు పనికి అడ్డం ఉండదు."

ఎంత దయ! నన్ను తీసేసి నా చేతుల్ని మాత్రం అట్టే పెట్టుకుంటారట. ఆ పూట నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. పదకొండేళ్ళ ముఖాలు ఎవరికోసం వేశానో తెలిసిపోయింది. నాకోసం. వేలు ఆగకుండా ఉండటానికి, ఒకరోజు వీళ్ళందరి ముందూ నేను ఎవర్నో చెప్పాల్సి వస్తే చెయ్యి వణకకుండా ఉండటానికి. వెయ్యనని ఎదురుతిరగాలని ఒక్కక్షణం అనిపించింది. అప్పుడు ఇంకెవరి చేతో వేయిస్తారు, పలక లేస్తుంది, నేను పోతాను. అందుకని వేశాను. తొమ్మిది రోజులు, నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. అత్త రోజూ నా గిన్నెలో మాంసం వేస్తూనే ఉంది. పూర్తయిన పలకని నేనే గుడ్డలో చుట్టి కట్టాను, ఎవర్నీ విప్పనివ్వలేదు.

కప్పు వేసే రోజున పొద్దుటి లారీలో ఇలారియో దిగాడు. పక్కన కొత్త టోపీలో ఒక పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు, నన్ను చూసి తల దించుకుంది. పాపం దానికి ఏం చెప్పి తెచ్చాడో. హార్పులూ ఫిడేళ్ళూ మోగాయి. పలకని పూలతో తెచ్చి గోడకి ఆనించి గుడ్డ విప్పారు. ఊరిపెద్ద కిందనుంచి పైకి, వేలితో చూపిస్తూ పేర్లు చదివాడు. ప్రతి పేరుకీ జనం "ఉన్నాడు", "ఉంది" అని అరిచారు. ఇలారియో దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు, చేతిలో ఈకతో అంత ఠీవిగా ఉన్నాడు. ఆ పక్కన వేలు ఆగిపోయింది. లంగా ఉంది, శాలువా ఉంది, నోయెమి అన్న పేరు ఉంది. టోపీ కింద తెల్లమట్టి తప్ప ఏమీ లేదు.

ఫిడేళ్ళు ఆగాయి. "ముఖం లేని మనిషిని దూలం ఎక్కిస్తారా?" అని ఎవరో ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. రుఫీనో ముఖం పాలిపోయింది.

నేను జనంలోంచి ముందుకొచ్చాను. మసి గిన్నె, ఈక నా చేతుల్లో ఉన్నాయి.

"ఆ ఒక్కటీ మాస్టారు వేస్తారు" అన్నాను, అందరికీ వినబడేలా. "పలకలో ఈక ఆయన చేతిలోనే ఉంది. పలక అబద్ధం చెప్పకూడదు కదా తాతా?"

తెయోఫిలో తాత నా వంక చూసి, మెల్లిగా ఇలారియో వైపు తిరిగాడు. "కూడదు. రా మాస్టారూ, కానియ్."

ఇలారియో నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ఊరంతా నిలబడి చూస్తోంది, పట్నం పిల్ల కూడా తల ఎత్తి చూస్తోంది. అతను నా దగ్గరకొచ్చి, ఈక ముట్టుకోకుండా, పెదాలు కదపకుండా అన్నాడు. "పరువు తియ్యకు సాతూ. ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"ఏ ఇంటికి?" అన్నాను, ఈక అతని వైపే చాపి.