గంటస్తంభంలో ఊదినవాడు

గడియారాలు బాగుచేసేవాడు నోటితో ఊదకూడదు. రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొట్టాలి. నోటి తడి తగిలితే చక్రాలు తుప్పు పడతాయి. వాచీలాయన ఈ మాట ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెబుతూ, తను మాత్రం కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని హాయిగా ఊదేవాడు.

అలాంటి మనిషికి గంటస్తంభం గడియారం అప్పజెప్పారు. లోపల పళ్లచక్రాలకి పావురాలు రెట్టతో సున్నం కొట్టిపెట్టాయి. అదంతా ఎండి పెళుసుబారింది. రబ్బరు బుడ్డి ఏ మూలకీ చాల్లేదు. ఎవరు చూడొచ్చారని, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊదు ఊదాడు. లేచిన తెల్ల దుమ్ము బజారంతా కమ్ముకుని, మిట్టమధ్యాహ్నం కోళ్లు గూళ్లకి చేరాయి. మళ్లీ పీల్చాడు, మళ్లీ ఊదాడు. మూడు రోజులకి సగం గడియారం మెరిసింది. కొట్టులో పని పేరుకుపోయి మిగతా సగం వాయిదా వేశాడు.

పదో రోజుకి జ్వరం పట్టుకుంది. నుదుటి మీద తడిగుడ్డ వేస్తే ఇస్త్రీ అయి వచ్చేది. పొడిదగ్గు ధాటికి మంచం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచేది. ఆసుపత్రిలో నాలుగు రోజులు సూదులు పొడిచినా తగ్గలేదు. ఊపిరి అందడం కష్టమైంది.

"పక్షుల రెట్ట దుమ్ము పీల్చారా?" అని అడిగింది డాక్టరమ్మ. "అదైతే మందు మార్చాలి. లేకపోతే ప్రాణానికే ముప్పు."

వాచీలాయన పక్కకి చూశాడు. ఎదురు కొట్టు బావమరిది అక్కడే ఉన్నాడు. అతనూ వాచీలవాడే. మిగిలిన సగం గడియారం నిన్ననే అతను పూర్తిచేశాడు.

"మా బావ ఊదడమా! పాలు కూడా ఊదుకుని తాగడమ్మా," అన్నాడు బావమరిది.

"నువ్వుండరా," అంది వాచీలాయన భార్య. "ఏవండీ, పరువు తర్వాత చూసుకుందాం. నా వాచీ ఎందుకు తుప్పు పట్టిందో నాకు తెలీదనుకున్నారా?"

వాచీలాయన కళ్లు మూసుకున్నాడు. "ఊదాను. మూడు రోజులు. నోటితోనే."

"నీళ్లు చల్లి, మాస్కు కట్టుకుని తీయాల్సింది," అంటూ డాక్టరమ్మ మందు మార్చింది.

"నీళ్లా!" అన్నాడు వాచీలాయన, అంత జ్వరంలోనూ అదిరిపడి.

రెండు రోజులకి జ్వరం దిగింది. మంచం కూడా ఓ చోట కుదురుకుంది. డాక్టరమ్మ చూసి వెళ్లబోతుంటే బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఊదిన ఎన్నాళ్లకి వస్తుంది ఈ జ్వరం?"

"వారం, పది రోజులకి. ఎందుకూ?"

బావమరిది వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. తర్వాత ఖాళీగా ఉన్న పక్క మంచం మీద దుప్పటి సరిచేసుకుని కూర్చున్నాడు.