ఊరికే వచ్చిన తొడుగు

ఇంట్లో పళ్ళ డాక్టరుంటే ఎంత అదృష్టమో అంటుంది లోకం. ఆ అదృష్టాన్ని నోట్లో పెట్టుకు తిరిగింది పంతులమ్మ. మరిది పైసా పుచ్చుకోకుండా ఆమె దవడ పన్నుకి లోహపు తొడుగు వేశాడు. నెల తిరక్కుండా నాలుక మంట పట్టుకుంది, నోరంతా పూసింది. పాఠం చెప్పి బతికే మనిషికి మధ్యాహ్నానికే మాట పెగిలేది కాదు. ఇలాగైతే వచ్చే ఏడు తరగతి ఇవ్వలేనని హెడ్మాస్టరు చెప్పేశాడు.

అలవాటవుతుందిలే అన్నాడు మరిది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, వేసినాయన మీ ఇంట్లోనే ఉండగా నేను చెయ్యి పెట్టడం బాగోదని మర్యాదగా సాగనంపాడు. మొగుడేమో తమ్ముడి పేరు పాడవుతుందని గొణిగాడు. ఊరికే వచ్చింది కదా, అందుకే లోకువ అని అత్తగారు తేల్చేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ ఊడబెరుక్కుందామంటే గోటితో వచ్చేదా అది? తన నోరు తనది కాకుండా పోయిందని వంటింట్లో నిలబడి ఏడ్చింది.

ఆ ఇంట్లో ఓ పాత వేళాకోళం ఉంది. గిల్టు కమ్మలు పెడితే ఆమె చెవులు రసి కారతాయి. మహారాణికి బంగారం తప్ప ఒంటికి పట్టదని అత్తగారు అనడం, అందరికంటే గట్టిగా మరిది నవ్వడం. ఏడుస్తూ ఏడుస్తూ ఆమెకు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఏడుపు ఆగిపోయింది.

పెట్టె అడుగునున్న గిల్టు కమ్మలు తీసి పెట్టుకుంది. చెవులు వాచి ఎర్రబడ్డాక, అలాగే వెళ్ళి మరిది ఆసుపత్రిలో కుర్చీ ఎక్కింది.

"ఇప్పుడు నవ్వు మరిదీ."

అతను చెవి చూశాడు. లైటు వేసి బుగ్గలోపల చూశాడు. రెండుచోట్లా ఒకటే ఎరుపు. కమ్మల్లోనూ తొడుగులోనూ ఉన్నది నికెలేనని, ఆ లోహమే ఆమె ఒంటికి పడదని గొణిగాడు. గబగబా తలుపు గడియపెట్టి, మత్తుసూది వేసి, తొడుగు కోయడం మొదలెట్టాడు.

"తీసేస్తున్నా వదినా. ఇంట్లో మాత్రం ఏదో కాస్త సర్దానని చెబుదాం. తెలిస్తే అమ్మ ముందు నా పరువు పోతుంది. సరేనా?"

నోటినిండా దూది, గొట్టం, అద్దం. ఏమంటుంది? సరే అందిలే అని అతనే అనుకున్నాడు. పాపం, ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆమె జవాబులన్నీ ఇంకెవరో చెప్పినవే.

తొడుగు రెండు ముక్కలై పళ్ళెంలో పడింది. ఆమె పుక్కిలించి, ముక్కలు రెండూ ఏరి రుమాల్లో చుట్టుకుంది. కమ్మలు తీసేయమంటూ అతను చెయ్యి చాపాడు.

"ఇంటికెళ్ళేదాకా తీయను," అంది. మత్తుకి మాట ముద్దముద్దగా వచ్చింది గానీ అర్థం కాకపోలేదు. "అత్తయ్య చెవులు చూసి నవ్వుతుంది కదా, అప్పుడు నోరు తెరిచి చూపిస్తాను. ముందు ఆ గడియ తియ్యి."