ద్రాక్షతొక్కల రంగు

ఎండిన ద్రాక్షతొక్కలను పారతో మరలోకి ఎత్తిపోస్తూ ఆమె ఇంకా పొద్దుటి కోపంతోనే ఉంది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ కింద పళ్లు నూరుకుంటోంది. ఏళ్ల తరబడి ఆ తొక్కల్లో నానిన చేతులు మణికట్ల దాకా ఊదారంగుకు తిరిగిపోయాయి. గోళ్ల చుట్టూ అయితే నలుపే. ఏ సబ్బుకూ లొంగదు.

కోపం తోడికోడలి మీద. అన్నదమ్ములిద్దరూ పోయాక మిగిలిన ఈ ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ, కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ రెక్క దాకా అన్నిటికీ కీచులాడుకుంటూనే బతుకుతున్నారు. పెద్దామెకు రక్తపోటు. డాక్టరు రాసిన మాత్రలు మూలన పడేసి, కొన్నాళ్లుగా ఈ ఫ్యాక్టరీలో చేసే ద్రాక్షతొక్కల పొడే నీళ్లలో కలుపుకుని తాగుతోందని ఆ పొద్దున్నే బయటపడింది.

"మాత్రలేసుకుంటే కాళ్లు వాస్తున్నాయే. ఇదైతే పండేగా. గుణమంతా రంగులోనే ఉందట," అంది పెద్దామె తాపీగా.

"కాళ్లు వాస్తే డాక్టరుకు చెప్పాలి గానీ సొంత వైద్యమా? రంగుతోనే గుండె బాగుపడేట్టయితే, రోజంతా దాన్నే పీల్చే నాకు ఈ ఆయాసమెందుక్కా?"

బస్సు వేళ మించిపోతుంటే ఈమె సణుక్కుంటూ బయల్దేరింది.

మధ్యాహ్నం మేనేజరు కొనుగోలుదార్లను వెంటబెట్టుకొచ్చాడు. చేతులు పైకెత్తమని ఆమెకు చెప్పి, ఈ రంగే గుండెకు కవచమని వాళ్లకు వివరించాడు. వాళ్లు ఆమెను సంతలో గొడ్డును చూసినట్టు చూసి, ఫొటోలు తీసుకున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. వాళ్లు పక్కకు వెళ్లాక అతన్ని ఆపి, మాత్రలు మానేసి ఇదే తాగుతున్న మనిషి గతేమిటని అడిగింది.

"ప్యాకెట్టు మీద మేలు చేయవచ్చు అని రాశాం. చేస్తుందని ఎక్కడైనా రాశామా?"

"మేలన్నది తాటికాయంత అక్షరాలతో వేశారు. చేయవచ్చు అన్నది చీమ తలకాయంత. అది మా అక్క కంటికి ఆనలేదయ్యా."

పని చూసుకోమన్నాడు. సాయంత్రం దాకా ఆమె తొక్కల మీదే కసి తీర్చుకుంది. రేపు రెక్క పట్టుకునైనా ఆస్పత్రికి ఈడ్చుకెళ్లాలనుకుంటూ ఇల్లు చేరింది.

తలుపు ఓరగా వేసి ఉంది. పెద్దామె గోడకు చేరగిలబడి, మెడ ఒక పక్కకు వాల్చి ఉంది. అలిగి కళ్లు మూసుకుందనుకుని, నీతో నాకూ మాటల్లేవులే అంది ఈమె. కొంగు విదిలించి, మంచినీళ్లు తాగి, అప్పుడు భుజం తట్టింది. ఒళ్లు చల్లబడి ఉంది.

చుట్టుపక్కల వాళ్లు చేరారు. పాపం, ఆ పొడి పుణ్యమా అని ఇన్నాళ్లన్నా లాక్కొచ్చిందని పొరుగింటామె ఓదార్చబోయింది. ఆ పొడి ఎంతకొస్తుందో కూడా అడిగింది.

"నా ఎదట నుంచి లేచిపో," అంది ఈమె, గొంతు పెంచకుండానే.

అందరూ వెళ్లాక కిటికీలో పెద్దామె దువ్వెన కనబడింది. పళ్ల నిండా నెరిసిన వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. ఎన్నిసార్లు తిట్టినా తీసి పారేసేది కాదు.