గీత బయట కుర్చీ

గోదావరి జిల్లాల్లో మర్యాదకు కొదవ లేదు. మనిషి కనబడితే ముందు కుర్చీ వేస్తారు, తర్వాత మజ్జిగ ఇస్తారు, ఏం పనిమీద వచ్చారని అడగడం ఆ తర్వాత సంగతి. కాకపోతే ఆట నడిపించే అంపైరుకు కూడా కుర్చీ వేసే ఘనత మనదే.

నిడదవోలులో ఆడపిల్లల బేస్‌బాల్ ఫైనల్‌కి వీరభద్రరాజు గారు బేస్ అంపైరుగా, అంటే రన్నర్లు పరుగెత్తి తొక్కే చదరపు మెత్తల దగ్గర అవుటో కాదో చెప్పడానికి, వచ్చారు. భార్య సుభద్రమ్మ పోయాక ఆయన ఇల్లు కదలడం ఇదే మొదలు. పోటీలు జరిపిస్తున్న జీవరాజు గారు మొదటి బేస్ పక్కన, గీత బయట, గొడుగు పాతించి కుర్చీ వేయించారు. ఇక్కణ్నుంచి అంతా కనిపిస్తుంది, మీరు శ్రమపడొద్దన్నారు. వీరభద్రరాజు గారు కూర్చున్నారు. ఈమధ్య ఆయన ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటున్నారు, పెడితే తింటున్నారు. ఏడిస్తే బరువు తగ్గుతుందని అందరూ చెప్పినా ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో సుభద్రమ్మ ఆఖరి గంటలోనూ బంధువులు వరండాలో కుర్చీ వేసి, మీరు చూడలేరు, లోపలికెందుకన్నారు. అప్పుడూ కూర్చున్నారు. ఆమె పోయిందని ఎవరో వచ్చి చెబితే విన్నారు.

నిజానికి ఆ కుర్చీ వేసిన చోటు పూర్తిగా తప్పు కాదు. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు అంపైరు ఉండాల్సింది అక్కడే. కానీ రెండో బేస్ మీదికి రన్నర్ చేరిందంటే ఆయన గీత దాటి లోపలికి, బంతి వేసే అమ్మాయి వెనక్కి వచ్చేయాలి. బయటే ఉండిపోతే ఎదురుగా ఉన్న మూడో బేస్ ఆ అమ్మాయి చాటున పడిపోతుంది. ఈ సంగతి జిల్లాలో డ్రిల్లు మాస్టార్లందరికీ నేర్పింది రాజు గారే.

ఆఖరి ఇన్నింగ్స్ వచ్చింది. రమ్యశ్రీ జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది, ఇంకొకరు అవుటైతే ఆట అయిపోయినట్టే. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. చేపలమ్మే రత్తమ్మ కూతురు రమ్యశ్రీకి ఈ ఏటితో ఇంటర్ అయిపోతుంది, ఆటా అయిపోతుంది. ఆ పిల్ల రెండో బేస్ మీదికి చేరింది. ఇక లేవాలని రాజు గారికి తెలుసు. లేవలేదు. కాళ్లనొప్పులేం కాదు, లేస్తే మాత్రం ఏమొస్తుందిలే అనిపించింది.

తర్వాతి అమ్మాయి కొట్టిన బంతి నేలబారున పోయింది. రమ్యశ్రీ పరుగెత్తి మూడో బేస్ మీదికి కాలు చాచి జారింది. ఫీల్డరు బంతి అందుకుని, దానితో ఆమెను తాకింది. పాదం ముందు బేస్‌కి తగిలిందా, బంతి ముందు ఆమెకు తగిలిందా? రాజు గారికి కనిపించింది బంతి వేసిన అమ్మాయి వీపు, దాని అవతల కాస్త దుమ్ము. అయినా అలవాటు కొద్దీ చెయ్యి లేచింది. అవుట్.

అవతలి జట్టు గంతులేసింది. రమ్యశ్రీ గొడవపడలేదు. చీరుకుపోయిన మోకాలితో నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"పోయినేడు క్యాంపులో మీరే చెప్పారు కదండీ, రెండో బేస్ మీద రన్నరుంటే అంపైరు లోపలికి రావాలని. పరిగెడతా మీకోసం చూశానండి. మీరు లేరు."

ఆ రోజు సుభద్ర కూడా తలుపు వైపు చూసే ఉంటుంది. అంతకు మించి ఆయనకు ఇంకేమీ తోచలేదు. లేచి, బ్యాటరు వెనక నిలబడే అంపైరు త్రిమూర్తులు దగ్గరికి వెళ్లి, నువ్వు చూశావా అని అడిగారు. త్రిమూర్తులు గొంతు తగ్గించాడు.

"పాదమే ముందండి. పెద్దవారు, కష్టంలో ఉన్నారు. పదిమందిలో మీ మాట కాదనడం ఎందుకని ఊరుకున్నానండి."

"నేను చూడలేదు," అన్నారు రాజు గారు, అందరికీ వినబడేలా. "చూడకుండానే చెప్పాను. ఆ అమ్మాయి సేఫ్."

కాసేపు గోలయింది, సద్దుమణిగింది. రమ్యశ్రీ మూడో బేస్ మీద నిలబడింది. రాజు గారు గీత దాటి ఎండలోకి, తను ఉండాల్సిన చోటికి నడిచారు. పాపం జీవరాజు గారు కుర్చీ పట్టుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చారు. వద్దని చెయ్యి ఊపారు రాజు గారు.

అక్కణ్నుంచి బేస్ అంచు, దాని మీద ఆ పిల్ల పాదం స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రాణమున్న సుభద్ర ముఖం ఆఖరిసారి ఎలా ఉందో మాత్రం ఆయనకు ఇక ఎప్పటికీ తెలియదు. అప్పుడొచ్చింది ఏడుపు. అంతలో బంతి వేసే అమ్మాయి చెయ్యెత్తింది. కళ్లు తుడుచుకునేలోపు ఆట దాటిపోతుందని, రాజు గారు మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, అలాగే చూస్తూ ఉండిపోయారు.