లావు బాణం

నీలిపొడి రాసిన దారాన్ని గోడమీద బిగించి లాగి, పెయింటరు టప్పున కొట్టాడు. తిన్నగా గీత పడింది. దారం రెండో కొస మేకుకి తగిలించి ఉంది. ఒకప్పుడు ఆ కొస పట్టుకునేది అక్క. "పట్టుకున్నాలే, కొట్టరా తమ్ముడూ" అనేది, మొహమంతా నీలం చేసుకుని. ఆ రోజులు ఎంత బాగుండేవో! మేకు పలకదు కదా.

ఆస్పత్రి వరండాలో హెచ్ఐవి ఎలా అంటుతుందో చెప్పే బొమ్మ వేస్తున్నాడు. ఎడమవైపు మగమనిషి, కుడివైపు ఆడమనిషి, మధ్య అటొకటి ఇటొకటి ఎర్రబాణాలు. అందం చెడకుండా రెండూ కొలిచి మరీ సమానంగా వేశాడు.

డాక్టరమ్మ చూసి నవ్వింది. "ముచ్చటగానే ఉన్నాయండీ, కానీ తప్పు. మగవాళ్ల నించి ఆడవాళ్లకి వెళ్లే బాణం లావుగా ఉండాలి."

"అదేంటమ్మా? ఇద్దరూ కలిస్తేనే కదా?"

"కలిశాక వీర్యం ఆడవాళ్ల లోపలే చాలాసేపు ఉండిపోతుంది. లోపలి పొర మెత్తన, వైశాల్యం ఎక్కువ. పుండుంటే ఇంకా సులువు. వాళ్ల నించి మగవాళ్లకీ వస్తుంది, కాకపోతే అంత తేలిగ్గా కాదు. మందులు మానకుండా వాడి, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిపోయి అలాగే ఉంటే, కలిసినా ఎటూ అంటదు. ఆ మాట కింద పెద్దక్షరాలతో రాయండి."

కుంచె కడుగుతున్నవాడల్లా ఆగాడు. "అమ్మా, పరీక్షలో ముందు ఎవరికి బయటపడితే వాళ్లే తెచ్చినట్టు కదా?"

"అదెక్కడి లెక్కండీ! కడుపుతో వస్తారు కాబట్టి ఆడవాళ్లకి ముందు పరీక్ష చేస్తాం. ముందు తెలియడం వేరు, ముందు రావడం వేరు."

అక్కకి అలాగే తెలిసింది, ఐదో నెలలో. బావ పరీక్షకే రాలేదు. "నువ్వే తెచ్చావు" అని అత్తగారు గుమ్మం దాటించింది. అక్క సంచితో తిన్నగా ఇతని దగ్గరికే వచ్చి, "నువ్వూ నమ్ముతున్నావా తమ్ముడూ?" అంది. ఇతను మొహం తిప్పుకుని రంగు కలుపుకోసాగాడు. నమ్మాడు మరి.

నిచ్చెనెక్కి బాణానికి మళ్లీ రంగు పట్టించాడు. మళ్లీ, ఇంకోసారి.

"చాలండీ, గోడంతా అదే అయ్యేలా ఉంది" అంది డాక్టరమ్మ.

"ఉండనివ్వండమ్మా. గేటు దగ్గరికి కూడా కనపడాలి."

అక్క ఆ ఏడు వానాకాలంలోనే పోయింది, ఈ ఆస్పత్రి వెనక వార్డులో. బిడ్డా దక్కలేదు. కబురొస్తే, దుకాణం బోర్డు పని ఉందని అతను రాలేదు.

సాయంత్రం కుంచెలూ డబ్బాలూ సర్దుకున్నాడు. దారం చుట్టబోయి, వదిలేసి మెట్లు దిగాడు. ఆడమనిషి బొమ్మ పక్కన మేకుకి ఆ దారం అలాగే వేలాడుతోంది, వేలు పట్టేందుకు అక్క వేసుకున్న ముడితో.