కుల్ఫీ డబ్బాలో ఫాస్ఫటేజ్

మాహిరా "అబ్బా" అంటే అది పిలుపో విసుగో నజీర్ అహ్మద్‌కి పాతికేళ్లుగా తేలలేదు. పిలుపైతే పలకాలి, విసుగైతే తప్పుకోవాలి. రెండూ ఒకే మాటైతే తండ్రన్నవాడు ఏం చేస్తాడు పాపం! ఆ రోజు పొద్దున్న పదింటికి ఆ పిల్ల ద్వారకా నగర్ కొరియర్ ఆఫీసు నుంచి ఒక థర్మాకోల్ పెట్టెను గుండెకి హత్తుకుని వచ్చి, గుమ్మంలోనే "అబ్బా" అంది. నజీర్ అడుగు ముందుకెయ్యాలో వెనక్కెయ్యాలో తెలియక ఉన్నచోటే నిలబడ్డాడు.

పెట్టెలో చిటికెనవేలంత సీసా, సీసాలో చుక్కంత ప్రోటీన్. పేరు ఫాస్ఫటేజ్. మనిషి ఒంట్లో ఉండేదే గానీ మనిషి నుంచి తీసింది కాదు. మనిషి జన్యువుని బాక్టీరియాలో పెట్టి, దాని చేత తయారు చేయించారట. మిగతా ప్రోటీన్లకి అతుక్కున్న ఫాస్ఫేట్‌ని ఊడబీకడం దాని పని. బండి మీద కుల్ఫీలమ్మే నజీర్, అది కుల్ఫీలోంచి పుల్ల పీకడం లాంటిదేనని తేల్చేశాడు. రెండు నెలలు ఎదురుచూస్తే వచ్చిన ఒకే ఒక్క సీసా అది. ఇది పాడైతే పైనెల కమిటీ ముందు పెట్టడానికి ఏమీ ఉండదు, నాలుగేళ్ల పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. తీరా చూస్తే, చల్లగా ఉంచాల్సిన డ్రై ఐస్ దారిలోనే ఆవిరైపోయి గోలీకాయంత మిగిలింది.

లాబేమో హనుమంతవాక అవతల. రోజేమో గిరి ప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ నడిచే జనంతో రోడ్లు నిండిపోయి, బస్సులూ ఆటోలూ ఎక్కడివక్కడ ఆపేశారు. ఇంట్లో ఫ్రిజ్ గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద. దాని పై అరలో కుల్ఫీ పెడితే పాయసమవుతుంది.

"మైనస్ ఇరవై ఉండాల. ఎక్కడ తెత్తాను?" అంది మాహిరా, పెట్టె మూత మళ్లీ బిగిస్తూ.

"నా డబ్బాలో ఏటుందనుకున్నావు? ఐసుకి ఉప్పు సరిగ్గా పడితే నీ మిషను కూడా సలికి వణుకుద్ది," అన్నాడు నజీర్.

ఐసూ ఉప్పూ సంగతి మాహిరాకి తెలియనిది కాదు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. చిక్కల్లా ఆ డబ్బాతోనే. లాబులో అందరికీ తన తండ్రిది కోల్డ్ స్టోరేజ్ వ్యాపారమని చెప్పుకుంది. ఫోన్లో ఆ మాట నజీర్ చెవిన పడి ఆరు నెలలైంది. ఆయన కోప్పడలేదు సరికదా, ఆ రోజు నుంచి పాత ఊరి సందుల్లో తిరిగే తన తోపుడు బండిని కోల్డ్ స్టోరేజ్ అనే పిలుస్తూ కూతుర్ని ఏడిపించేవాడు. నవ్వుతూ అన్నా ముల్లు ముల్లే. ఆయన లోపల గుచ్చుకుంటూనే ఉంది.

సీసాని ప్లాస్టిక్ సంచీలో చుట్టి కుల్ఫీ అచ్చులో పెట్టి, మూతికి మైదా ముద్ద మెత్తి, మిగతా కుల్ఫీల మధ్య ఐసులో పాతేశాడు. వాహనాల్ని ఆపారు గానీ నడిచేవాళ్లనీ, వాళ్లకి తినడానికి అమ్మేవాళ్లనీ ఎవరూ ఆపలేదు. కోల్డ్ స్టోరేజ్ బయల్దేరింది.

మాహిరా పెట్టిన షరతు ఒక్కటే, లాబు చేరేదాకా అమ్మకానికి మూత తియ్యకూడదు. దాంతో ముప్పై ఏళ్లుగా "కుల్ఫీ" అని అరిచిన నోరు ఆ రోజు కట్టేసుకోవాల్సి వచ్చింది. వట్టికాళ్లతో నడిచే భక్తులు బండి చుట్టూ మూగితే, అయిపోయాయని అబద్ధమాడి చెంపలేసుకున్నాడు. వెంకోజీపాలెంలో నీళ్లు వంపి, కొత్త ఐసు నింపి ఉప్పు చల్లుతుంటే, ఇంకొంచెం వెయ్యమని మాహిరా ప్రాణం తీసింది. ఎక్కువేసినంత మాత్రాన చల్లదనం పెరగదని, ఇది కూర కాదని ఆయన కసిరాడు. ఎత్తుల దగ్గర ఇద్దరూ కలిసి తోశారు. దారి పొడవునా ఎన్ని అబ్బాలు వినిపించాయో, వాటిలో పిలుపులెన్నో విసుగులెన్నో ఆ దేవుడికే తెలియాలి.

మూడింటికి లాబు గేటు కనిపించింది. మాహిరా ఆ అచ్చు తీసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది. నజీర్ చెమట తుడుచుకున్నాడు. ఎవరైనా చూస్తే పిల్లకి తలవంపులని, బండిని ప్రహరీ మూల దాకా తోసుకెళ్లి చాటున పెట్టాడు. అక్కడే కూర్చున్నాడు. ఎంత వద్దనుకున్నా కళ్లు గేటు వైపే పోతున్నాయి.

గంట తర్వాత మాహిరా బయటికొచ్చింది. చేతిలో ఒక చిన్న గొట్టం, పక్కన గైడు ఆశాజ్యోతి మేడం. గేటు దగ్గర బండి లేకపోయేసరికి పిల్ల ముఖం పాలిపోయింది. అటూ ఇటూ వెతుక్కుంటూ ప్రహరీ మూలకి వచ్చింది.

"బతికే ఉందేటి నీ ప్రోటీనూ?" అనడిగాడు నజీర్, లేచి నిలబడుతూ.

గొట్టం ఎత్తి చూపించింది. ఫాస్ఫటేజ్ చచ్చిపోయి ఉంటే నీళ్లలా రంగు లేకుండా ఉండిపోవాల్సిన పరీక్ష మందు, కుంకుమపువ్వు వేసిన పాలలా పసుపుపచ్చగా మెరిసింది.

ఆశాజ్యోతి మేడం చుట్టూ చూసి, ఇంతకీ కోల్డ్ స్టోరేజ్ వాళ్ల వ్యాన్ ఎక్కడని అడిగింది. నజీర్ తల దించుకుని బండి చక్రం కేసి చూడసాగాడు.

మాహిరా బండి మీద చెయ్యి వేసింది.

"వ్యాన్ కాదు మేడం, కుల్ఫీ బండి. ఈయన మా అబ్బా."

విసుక్కునేవాళ్లెవరూ 'అబ్బా' ముందు 'మా' పెట్టరు. ఈసారి నజీర్ అడుగు ముందుకే వేశాడు.